అరసవల్లి, అరకు ఒకే ప్రయాణంలో కుదురుతాయా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాము. మా అత్తగారికి 69 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. కంటి ఆపరేషన్ అయినప్పుడు, చూపు బాగుపడితే రథసప్తమి నాడు అరసవల్లి వచ్చి సూర్యనారాయణ స్వామిని దర్శించుకుంటానని ఆవిడ మొక్కుకున్నారు. ఈ ఏడాది జనవరి 25న పండుగ వచ్చింది గాని మేము వెళ్లలేకపోయాము. వచ్చే ఏడాది కూడా జనవరి చివరి వారంలోనే వస్తుందన్న లెక్కతో, పనిలో పనిగా లంబసింగి, అరకు కూడా చూసి రావాలనుకుంటున్నాము. నాలుగో తరగతి చదివే మా పాప లంబసింగిలో మంచు కురుస్తుందని వీడియోల్లో చూసి పట్టుబడుతోంది. సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగ, మేడారం జాతర కూడా కలిసివస్తాయేమోనని మావారి ఆశ. ఆయనకు నాలుగు రోజులకు మించి సెలవు దొరకదు. ఏ తేదీల్లో వెళితే చలి, పండుగ రెండూ దక్కుతాయి? సొంత కారు తీసుకువెళ్లాలా, రైలు మంచిదా? — ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా మీరు సరిచేసుకోవలసింది తేదీ. 2027లో రథసప్తమి జనవరిలో రాదు. ఫిబ్రవరి 13, శనివారం నాడు వస్తుంది. మన పండుగలు చాలావరకు చంద్రుణ్ని బట్టి నడుస్తాయి కనుక మామూలు సంవత్సరాల్లో అంతకు ముందటి ఏడాదికన్నా సుమారు 11 రోజులు ముందుగా వస్తాయి. ఆ తేడా పెరిగిపోకుండా మధ్యమధ్య అధికమాసం వచ్చినప్పుడు మాత్రం 19 రోజుల దాకా ఆలస్యమవుతాయి. ఈ పరాభవ నామ సంవత్సరంలో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి, ఆ తరువాతి పండుగలన్నీ నిరుటికన్నా వెనుకగా పడుతున్నాయి. సంక్రాంతి సూర్యుణ్ని బట్టి వచ్చేది కనుక దానికి ఈ మార్పు అంటదు. మీరింకా టికెట్లు తీసుకోలేదు గనుక నష్టమేమీ లేదు గాని, జనవరి చివరి వారానికి గదులు మాట్లాడుకుని ఉంటే మొక్కు తీరకుండానే తిరిగి రావలసి వచ్చేది.

శీతకాలం చివర్లో 19 రోజుల తేడా చిన్నదేమీ కాదు. విశాఖ మన్యంలో గట్టి చలి డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాటిన వారం పది రోజుల దాకా ఉంటుంది. ఆ రోజుల్లో ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉండి, పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రికి అడ్డూ ఆపూ లేకుండా పైకి పోతుంది. కొండవాలుల మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగి తెల్లవారే సరికి పొగమంచై నిలుస్తుంది. చింతపల్లి, లంబసింగి ప్రాంతాల్లో ఉష్ణోగ్రత ఒక్క అంకెకు పడిపోయిందని పత్రికల్లో వచ్చే వార్తలు దాదాపు అన్నీ ఆ నెల, నెలన్నర రోజులవే. మీ పాప చూసిన వీడియోలూ అప్పటివే అయి ఉంటాయి. అక్కడ గడ్డి మీద తెల్లగా పేరుకునేది గడ్డకట్టిన మంచు బిందువులే గాని కాశ్మీరులో మాదిరిగా కురిసే మంచు కాదని ఇప్పుడే చెప్పి ఉంచండి. ఫిబ్రవరి రెండో వారానికి అది కూడా అరుదు.

కాబట్టి చలి, పండుగ రెండూ పూర్తిగా దక్కే తేదీలు వచ్చే ఏడాది లేవు. 2026లో జనవరి 25న వచ్చింది గనుక రెండూ కలిసివచ్చి ఉండేవి. 2027లో ఒకదాన్ని పట్టుకుని మరొకదాన్ని దొరికినంత మేరకు తీసుకోవాలి. మీ అత్తగారి మొక్కుకు తిథి నియమం ఉంది, అరకుకు ఏ నియమమూ లేదు. కనుక రథసప్తమిని కదలని గుంజగా పాతుకుని, తక్కిన ప్రయాణాన్ని దానికి అటూ ఇటూ అమర్చుకోవడమే నేను చెప్పగల సలహా. చలి బొత్తిగా లేకుండా పోదు లెండి. ‘శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది’ అంటారు, 2027లో శివరాత్రి మార్చి 6న గాని రాదు. ఫిబ్రవరి మధ్యలో అరకులో తెల్లవారుజామున శాలువా కప్పుకునేంత చలి, పదిగంటలకల్లా స్వెట్టర్ విప్పేసేంత ఎండ ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి జనవరి చలికన్నా ఇదే నయమని నా అభిప్రాయం.

మీవారి కోరికల సంగతి త్వరగా తేల్చేద్దాం. ఫ్లెమింగో పండుగను సాధారణంగా జనవరిలో జరుపుతారు (2025లో 18 నుంచి 20 వరకు జరిగింది). పైగా సూళ్లూరుపేట రాష్ట్రానికి ఆ చివర, శ్రీకాకుళం ఈ చివర. మేడారం మహాజాతర రెండేళ్లకొకసారి జరిగేది. 2026 జనవరి 28 నుంచి 31 వరకు జరిగిపోయింది గనుక మళ్లీ 2028లోనే. ఈ రెండింటినీ పక్కన పెట్టండి.

లంబసింగిని కూడా వదులుకోమంటే పాప నొచ్చుకుంటుందని తెలుసు, కానీ వదులుకోవడమే మంచిది. పటంలో దగ్గరగా కనిపించినా అరకు నుంచి పాడేరు, చింతపల్లి మీదుగా లంబసింగికి 100 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, అదంతా మలుపుల కొండదారి. అక్కడి అందమంతా సూర్యోదయానికి ముందే గనుక ఒక రాత్రి అక్కడే ఉండాలి, లేదా అర్ధరాత్రి బయలుదేరాలి; చలి తగ్గిన రోజుల్లో అంత అవస్థకు తగ్గ ఫలితం దక్కదు. ఆ చుట్టుపక్కల తోటల్లో అప్పటికి స్ట్రాబెర్రీల కోత నడుస్తూ ఉంటుంది, పాపకు నిజంగా తప్పిపోయేది అదొక్కటే.

ఇక ముఖ్యమైన అరసవల్లి విషయం. ఫిబ్రవరి 13 రెండో శనివారం. కార్యాలయాలకు సెలవు, మరునాడు ఆదివారం, అందులోనూ మాఘ ఆదివారం. మాఘమాసంలో ప్రతి ఆదివారమూ అరసవల్లికి జనం పోటెత్తుతారు. కాబట్టి ఈసారి రద్దీ ఒక్క రోజుతో తీరేది కాదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా శ్రీకాకుళం పట్టణమంతా కిటకిటలాడుతుందని ముందే అనుకుని వెళ్లండి. ఆలయం పట్టణాన్ని ఆనుకునే, బస్టాండుకు దగ్గర్లోనే ఉన్నా, పండుగ నాడు వాహనాలను దూరంగానే నిలిపివేస్తారు. గది వెతుక్కునేటప్పుడు ఆలయం గోడ పక్కనే ఉండాలని పట్టుపట్టకుండా, ఆటో లోపలికి రాగలిగే వీధిలో, మెట్లెక్కే పని లేకుండా కింది అంతస్తులో దొరికేలా చూసుకోండి. నవంబరు దాటనిస్తే అటువంటి గది దొరకడం కష్టం.

స్వామికి క్షీరాభిషేకం అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది, నిజరూప దర్శనం ఆ ఒక్క రోజు విశేషం కనుక ముందురోజు రాత్రి తొమ్మిది పదింటికే బారులు తీరుతారు. మీ అత్తగారిని ఆ వరుసలో నిలబెట్టవద్దు. ఆవిడకు ఈ క్రమం అనుకూలంగా ఉంటుంది: సూర్యోదయానికి ముందు బస చేసిన చోటే జిల్లేడాకులు, రేగుపండ్లు తలమీద పెట్టుకుని స్నానం చేయడం, ఎండ తగిలే డాబా మీదనో వాకిట్లోనో పిడకలు రాజేసి పాలు పొంగించి పరమాన్నం వండడం, చిక్కుడాకులో పెట్టి సూర్యుడికి నివేదించడం. ఇవన్నీ ఇంటి దగ్గర చేసుకునేవే గనుక ఆలయ ప్రాంగణంలో తోసుకోవలసిన అవసరం లేదు. జిల్లేడాకులు, చిక్కుడాకులు, పిడకలు పండుగ ముందురోజు శ్రీకాకుళం బజారులో బుట్టల్లో పెట్టుకుని అమ్ముతారు, హైదరాబాద్ నుంచి మోసుకుపోనక్కరలేదు. ఇత్తడి గిన్నె మాత్రం మీదే తీసుకువెళ్లండి. అక్కడ ఫిబ్రవరి మధ్యలో సూర్యోదయం ఆరుంబావు దాటాకే. తూర్పున పొగమంచు ఉంటే బింబం కనబడేసరికి ఇంకాస్త ఆలస్యమవుతుంది, ఆవిడ కంగారు పడకుండా ముందే చెప్పండి. దర్శనానికి రాత్రి నుంచి నిలబడ్డ మొదటి వరుసలు కదిలిపోయాకే బయలుదేరండి. ప్రత్యేక దర్శనం టికెట్ల ధరలు, వృద్ధులకు చేసే ఏర్పాట్లు ఏటేటా మారుతుంటాయి; పండుగకు వారం ముందు ఆలయం వారు ప్రకటించేదాన్నే నమ్మండి, పాత వీడియోలను కాదు.

ఆవిడ మొక్కు కచ్చితంగా రథసప్తమి నాటికేనా, మాఘమాసంలో ఏ రోజైనా పరవాలేదా అన్నది ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. మాఘమాసం 2027లో ఫిబ్రవరి 7న మొదలవుతుంది. బుధ, గురువారాల్లో వెళితే అదే స్వామిని చాలా తక్కువ తోపులాటలో చూడవచ్చు. అయితే ఈ మాట కోడలిగా మీరు అడగడం కన్నా మీవారు అడగడం మంచిది. మొక్కును తప్పించాలని చూస్తున్నారన్న భావం ఆవిడకు కలగకూడదు. కాదు, ఆ రోజే వెళ్లాలి అంటే మారు మాట్లాడక ఆ రోజే తీసుకువెళ్లండి.

శనివారం మధ్యాహ్నం తరువాత ఇంకేమీ పెట్టుకోవద్దు, ఆవిడ పడుకోవాలి. ఆదివారం ఉదయం పాపది. టెక్కలి దగ్గర తేలినీలాపురం అనే పల్లె ఉంది; చలికాలమంతా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెట్ల మీదనే గూళ్లు కట్టుకుంటాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చినవి మార్చి దాకా ఉంటాయి కాబట్టి ఫిబ్రవరి మధ్యలో వెళితే అప్పటికి పెరిగిన పిల్లలు కొమ్మల అంచుల మీద నిలబడి రెక్కలు విదిలించడం, తల్లి రాగానే దాని గొంతు సంచిలోకి ముక్కు దూర్చి చేపలు లాక్కోవడం దగ్గరగానే చూడవచ్చు. కింద రెట్టల వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది. ఊరివాళ్లు ఆ పక్షులను ఆడపడుచులను చూసుకున్నట్టు చూసుకుంటారు. బూరలు ఊదడం, రాళ్లు విసరడం వంటి పనులు చేస్తే ఊరుకోరు. అత్తగారికి ఓపిక ఉంటే మర్నాటి దాకా ఆగకుండా శనివారం సాయంత్రమే శ్రీకూర్మం కూడా చూడవచ్చు గాని, నేనైతే ఆ రోజు ఆవిడను కదపను.

జనవరిలో సముద్రపు తాబేళ్ల గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు కనుక ఒక మాట. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో గుడ్లు పెట్టేది జనవరి నుంచి మార్చి వరకు. పొదగడానికి ఒకటిన్నర నెల పైనే పడుతుంది. పిల్లలను సముద్రంలోకి వదిలే దృశ్యం ఎక్కువగా మార్చి, ఏప్రిల్ నెలల్లో కనిపిస్తుంది. మీ తేదీల్లో అది దొరికితే అదృష్టం, దానికోసం ఒక పూట కేటాయించవద్దు.

కారా, రైలా అన్న ప్రశ్నకు నా జవాబు రైలే. శీతకాలం చివర్లో బంగాళాఖాతం నుంచి తేమగాలి మొదలవుతుంది, నేల మాత్రం రాత్రిపూట ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ రెండూ కలిసి కోస్తా అంతటా తెల్లవారుజామున పొగమంచు దట్టంగా కమ్ముతుంది. జాతీయ రహదారి 16 మీద ఆ వేళప్పుడు ముందు ఆగి ఉన్న లారీ కూడా కనబడదు. హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా కారులో వెళ్లేవారు రాత్రంతా నడిపి సరిగ్గా నిద్ర ముంచుకొచ్చే సమయానికి ఆ పొగమంచులో ప్రవేశిస్తారు. పిల్లను, పెద్దావిడను వెంటబెట్టుకుని ఆ పని చేయవద్దు. సికింద్రాబాద్ నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రెండూ శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఆగుతాయి. ఆ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. పట్టణానికి 13 కిలోమీటర్ల దూరం, ఆటోలు, బస్సులు ఉంటాయి. స్థానికంగా తిరగడానికి రోజు అద్దెకు కారు మాట్లాడుకోండి, ఆ దారుల పొగమంచు అలవాటైన డ్రైవరు ఉంటాడు.

అప్పుడు మీ ప్రయాణం ఇలా సాగుతుంది. ఫిబ్రవరి 11 గురువారం రైలెక్కి శుక్రవారం శ్రీకాకుళం చేరి విశ్రాంతి తీసుకుంటారు. శనివారం పండుగ, ఆదివారం ఉదయం పక్షులు, సాయంత్రానికి విశాఖపట్నం. సోమవారం ఉదయం కిరండూల్ వెళ్లే ప్యాసింజరులో అరకు. ఇక్కడ మీకు అనుకోని లాభం ఒకటి ఉంది. అరకులో శని, ఆదివారాల్లో ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరి, గదుల అద్దెలు రెట్టింపయి, బొంగు చికెన్‌కు కూడా వరుసలో నిలబడవలసి వస్తుంది. మీరు చేరేసరికి ఆ గుంపంతా దిగిపోయి ఉంటుంది. పండుగ శనివారం పడినందుకు శ్రీకాకుళంలో పడిన ఇబ్బందికి అరకులో పరిహారం దొరుకుతుంది. మీవారికి కావలసింది శుక్రవారంతో కలిపి సరిగ్గా నాలుగు రోజుల సెలవు: 12, 15, 16, 17.

కిరండూల్ దారిలో 58 సొరంగాలున్నాయి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన దారి అది, చూడ్డానికి వచ్చేవారి కోసం వేసింది కాదు. అందుకే అది కొండల అందమైన చోట్ల ఆగదు, గూడ్సు బండ్లకు దారివ్వడానికి ఎక్కడపడితే అక్కడ ఆగుతుంది. ఆలస్యానికి సిద్ధపడి తినడానికి ఏమైనా దగ్గర ఉంచుకోండి. అద్దాల పెట్టెలో చోటు దొరికితే పాపకు సంబరమే.

అరకులో పసుపుపచ్చని వలిసె పూల పొలాలు ఉండవు, అవి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాటి బదులు ఫిబ్రవరిలో కాఫీ చూడండి. పండ్ల కోత జనవరితో చాలావరకు ముగుస్తుంది. ఫిబ్రవరిలో కళ్లాల మీద, ఇళ్ల ముందు టార్పాలిన్ల మీద, పైతోలు తీసి కడిగిన గింజలు లేత గోధుమ రంగులో ఆరుతుంటాయి. చేత్తో కలయదిప్పితే ఎండిన కొద్దీ గలగల చప్పుడు మారుతుంది. మన్యం రైతు గింజ కొరికి చూసి ఇంకెన్ని ఎండలు కావాలో చెప్పేస్తాడు. అదే తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియం తీగల నుంచి గుత్తులు కోస్తుంటారు. దారి పొడుగునా మోదుగులు ఆకు రాల్చి పూయడం మొదలుపెడతాయి. బొర్రా గుహలకు మంగళవారం వెళ్లండి, కాని లోపల తడిమెట్లు చాలా దిగాలి. అత్తగారిని పైన నీడలో కూర్చోబెట్టి మీలో ఒకరు ఆవిడతో ఉండండి. రెండు రాత్రులకూ గది కిటికీ తూర్పుకు ఉండేలా అడిగి తీసుకుంటే, లోయలో నిలిచిన పొగమంచు ఎనిమిది తొమ్మిది గంటల మధ్య విడిపోవడం ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే చూడవచ్చు.

బుధవారం తిరుగు ప్రయాణానికి మళ్లీ విశాఖకు దిగకుండా పాడేరు, మాడుగుల, చోడవరం మీదుగా అనకాపల్లికి రండి. ఘాట్ దిగేది పొగమంచు విడిచాక, తొమ్మిది తరువాత. చోడవరం, అనకాపల్లి పల్లెల్లో అది బెల్లం వండే కాలం. గానుగ దగ్గర డ్రైవరును ఆపమని ఒక అరగంట నిలబడండి: వెడల్పాటి పెనంలో చెరకురసం మరుగుతూ ఉంటుంది, ఎండబెట్టిన చెరకు పిప్పినే పొయ్యిలోకి ఎగదోస్తుంటారు, పైకి తేలిన మడ్డిని చిల్లుల గరిటెతో తీసేస్తుంటారు, పాకం వచ్చిందో లేదో తెలియడానికి కాస్త తీసి నీళ్లలో వేసి వేళ్లతో ఉండ కట్టి చూస్తారు. వేడి పాకం పాప చేతిలో పెట్టబోతారు, చల్లారనివ్వండి. కొనేటప్పుడు ముదురు రంగు దిమ్మనే తీసుకోండి. మరీ పసుపుపచ్చగా మెరిసేదానికి రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఉంది. సాయంత్రం అనకాపల్లిలోనే హైదరాబాద్ రైలెక్కవచ్చు.

రైల్వే రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. ఆ లెక్కన ఫిబ్రవరి 11 టికెట్లు డిసెంబరు 13 ఆదివారం, అరకు బండివి డిసెంబరు 17, తిరుగు ప్రయాణానివి డిసెంబరు 19 నాడు తీసుకోవాలి. రథసప్తమి బండ్లలో కింది బెర్తులు ముందుగా అయిపోతాయి. అత్తగారి వయసు సరిగ్గా నమోదు చేసి, లోయర్ బెర్తు కోటాలో ఆవిడ టికెట్టును విడిగా తీసుకుని, మీ ముగ్గురి టికెట్లు వేరే తీసుకోండి.